అందరి కోటు

నల్లగొండ ఎండల్లో మంచుకొండలు చూడాలంటే మా చిన్నప్పుడు ఒకటే దారి, ఫోటో స్టూడియో. గడియారం స్తంభం దగ్గర్నుంచి లోపలికి పోయే బజార్లో, బట్టల దుకాణం పక్కన ఇరుకు మెట్లు. ఎక్కితే పొడుగాటి హాలు. ఆ చివర గోడ నిండా పరదా. దాని మీద మంచుకొండలు, కొండల కింద సరస్సు, సరస్సులో రెండు హంసలు, ఒడ్డున ఎందుకో మరి పెద్ద పెద్ద పాలరాతి స్తంభాలు. గీసినాయన ఏది గుర్తొస్తే అది గీసుకుంటూ పోయినట్టున్నాడు. తాడు లాగి ఆ పరదాను పైకి చుడితే దాని వెనక తాజ్‌మహల్, దాన్నీ చుడితే నాగార్జునసాగర్ డ్యాం, గేట్లన్నీ ఎత్తి నీళ్లు దూకుతూ.

మా దిక్కు సాగర్ పరదాకే గిరాకీ ఎక్కువ. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన దగ్గర్నుంచి 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలేదాకా ఆ కట్ట మీద రాళ్లు మోసినవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లల్లో బాగానే ఉండేవాళ్లు. మోసే రోజుల్లో వాళ్లను ఎవరు ఫోటో తీస్తారు? తర్వాత చేతిలో నాలుగు పైసలు ఆడినప్పుడు పెండ్లాన్ని వెంటబెట్టుకొచ్చి ఆ బట్ట డ్యాం ముందు నిలబడేవాళ్లు. ఒకాయన పరదా దగ్గరికంటా పోయి, ఎడమ పక్కన ఒకచోట వేలు పెట్టి "గీడ పనిచేసిన నేను" అని నాకు చూపించాడు. గీసినాయన సాగర్‌ను చూసి గీశాడో, క్యాలెండర్ చూసి గీశాడో గానీ, ఈయన వేలు మాత్రం ఎక్కడా తడుముకోలేదు.

బోర్డు మీద ఆ స్టూడియోకి ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు మూడింట్లో పెద్ద పేరే ఉండేది. ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. అది చిచ్చా దుకాణం, అంతే. చిచ్చా మా నాయినకు దోస్తు. 1970ల్లో ఎండాకాలం సెలవులొస్తే నేను ఊరి మీద పడి తిరగకుండా నన్ను తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టేవాళ్లు. నా పని, కడిగిన ప్రింట్లు తాడుకు క్లిప్పులు పెట్టి ఆరేయడం, స్టూలు తుడవడం, కింది హోటల్ నుంచి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తేవడం. జీతమని ఏం లేదు. శుక్రవారం సినిమా మారితే టికెట్ పైసలు మాత్రం అడక్కుండానే జేబులో పడేవి.

కెమెరాలు రెండు ఉండేవి. చేతిలో పట్టుకునే యాషికా ఒకటి, బయట పెండ్లిళ్లకు, శుభకార్యాలకు. రెండోది చిచ్చా వాళ్ల అబ్బా నాటిది, మూడు కాళ్ల మీద నిలబడే చెక్క కెమెరా. టేకు చెక్క, ఇత్తడి మూలలు, మధ్యలో మడతలు మడతలుగా తోలు. వెనక నల్లబట్ట. ఆ నల్లబట్టలోకి ఒకసారి నా తల దూర్చనిచ్చాడు చిచ్చా. లోపల గరుకు గాజు పలక. దాని మీద ఎదురుగా కూర్చున్న మనిషి రంగురంగులుగా కనిపిస్తాడు, కాకపోతే తలకిందులుగా. కుర్చీ కాళ్లు పైన, తలపాగా కింద. ఆ రోజు కూర్చున్నది మా అమ్మమ్మ వాళ్ల ఊరి దొర. ఊళ్లో ఆయన గడి ముంగట నుంచి పోయేటప్పుడు మా తాత కూడా చెప్పులు చేతిలో పట్టుకునేవాడు. ఆ దొర గాజు మీద గబ్బిలంలాగా వేలాడుతున్నాడు. నాకు నవ్వాగలేదు. బట్ట లోపల నుంచి వచ్చిన శబ్దాన్ని చిచ్చా దగ్గుతో కప్పేశాడు. తర్వాత డార్క్ రూములో "అద్దం ముంగట అందరూ ఒక్కటే బేటా, గీడ ఉల్టా అయిపోతరు" అని ఆయనా నవ్వాడు.

ఆ కెమెరాకి మీట లేదు. లెన్సుకు ఇత్తడి మూత. "గడ్డం జర పైకి. కండ్లు కొట్టొద్దు. ఊపిరి బిగవట్టు" అని మూత తీసి, నోట్లోనే "ఏక్, దో" అనుకుని మళ్లీ పెట్టేవాడు. ఎండ బాగుంటే ఏక్ లోనే పెట్టేసేవాడు. పైకప్పులో ఉత్తరం వైపు కొన్ని పెంకులు తీసేసి గాజు పలకలు వేసి ఉండేవి, వాటి కింద తెల్లబట్ట తెరలు. తెర ఎంత జరిపితే ముఖం మీద నీడ ఎటు పడుతుందో అదంతా చిచ్చా తాడు లాగే చేతిలో ఉండేది. కరెంటు బల్బులు వచ్చిన తర్వాత కూడా ముసలివాళ్ల ఫోటోలకు ఆయన పగటి వెలుతురే వాడేవాడు. ముడతలు మెత్తగా పడతాయనేవాడు.

పాత ఫోటోల్లో జనం బిర్రబిగుసుకుపోయి ఉంటారని ఈకాలం పిల్లలు నవ్వుతుంటారు. మూత తీసి పెట్టేలోపు కదిలితే ముఖం చెదిరిపోతుంది, అది ఒక కారణం. అసలు కారణం అది కాదని నా అనుకోలు. బస్సెక్కి వచ్చి, ఒక రోజు కూలి పోగొట్టుకుని, ఇంకో రోజు కూలి చిచ్చా చేతిలో పెట్టి దిగే ఫోటోలో పండ్లికిలించాలని ఎవరికనిపిస్తుంది? రేపు తాము పోయినంక గోడ మీద ఉండేది ఆ ముఖమేనని వాళ్లకు తెలుసు. పెద్దరికంగా కనిపించాలి. అంతే.

దానికి కావలసిన సరంజామా అంతా స్టూడియోలోనే ఉండేది. గోడకు నిలువుటద్దం, అద్దానికి దారంతో కట్టిన దువ్వెన, పాండ్స్ పౌడరు డబ్బా, అందులో అందరి ముఖాలూ చూసిన పఫ్. తిరగని చేతి గడియారం ఒకటి. దాన్ని ఎడమ చేతికి పెట్టుకుని, ఆ చేయి తొడ మీద కొంచెం ముందుకు పెట్టి కూర్చుంటే గడియారం కనిపిస్తుంది. ఆ రోజుల ఫోటోలు ఏ ఇంట్లో చూసినా ఎడమ చేయి అట్లా ముందుకొచ్చి ఉందంటే లెక్క అదే. కొక్కేనికి ఒక టై, ముడి ముందే వేసి పెట్టింది. మూలకు నల్ల బూట్లు ఒక జత. ఎవరి కాలికీ సరిగ్గా పట్టవు, సగం పాదం దూర్చి కూర్చునేవాళ్లు.

ఇక కోటు. నల్ల కోటు, ఒక్కటే. లావుగా ఉన్నవాళ్ల కోసం వెనక నడుము దగ్గర కుట్టు విప్పేసి ఉండేది. సన్నగా ఉన్నవాళ్లకు వీపు వెనక గుడ్డ పోగుచేసి బట్టల క్లిప్పులు పెట్టేవాళ్లం. ముందు నుంచి చూస్తే కొలత తీసి కుట్టించినట్టే. క్లిప్పులు పెట్టడం నా డ్యూటీ. పటేలు కొడుకుకీ పెట్టాను, గొర్లు కాసే పిల్లగాడికీ పెట్టాను. మూడు గుండీల్లో నడిమిది ఎప్పుడో ఊడిపోతే చిచ్చా భార్య, మా చాచి, ఏదో షేర్వాణీ గుండీ తెచ్చి కుట్టింది. పై గుండీ, కింది గుండీ నల్లగా, చదునుగా ఉంటాయి, నడిమిది ఉబ్బెత్తుగా, మెరుస్తూ. ఎవరూ గమనించేవాళ్లు కాదు.

ఒక రోజు ఊళ్లో సుంకరి పని, అంటే సర్కారోళ్ల కింద ఊరి చాకిరీ, చేసిన ముసలాయన, ఆయన కొడుకు వచ్చారు. కొడుక్కి సర్కారు బడిలో టీచరు కొలువు వచ్చింది, జాయిన్ అయ్యే ముందు తండ్రితో ఫోటో దిగాలని పట్టుపట్టి తీసుకొచ్చాడు. తండ్రిని కుర్చీలో కూర్చోమంటే కూర్చోడు. పక్కకు పోయి, గొంగడి భుజం మీద నుంచి చంకలోకి మార్చుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దవాళ్ల ముంగట అట్లనే నిలబడి నిలబడి ఒళ్లు ఆ వంపుకి వచ్చేసింది. కొడుకు బతిమాలితే "నువ్వు కూసో బిడ్డా, నేను గీడ నిలవడ్త" అంటున్నాడు. చిచ్చా నల్లబట్టలో నుంచి తల బయటపెట్టి, చాలా సీరియస్‌గా "పెద్దయ్యా, నువ్వు నిలబడితే తల కటింగ్ అయితది. కెమెరా పాతది, గంత పైకి చూడదు. కుర్చీల కూసుంటేనే ఫోటో వస్తది" అన్నాడు. ఆరడుగుల మనుషులను వరసగా నిలబెట్టి తీసిన కెమెరా అది. నాకు తెలుసు. ఆయన నమ్మాడో, నమ్మినట్టు ఊరుకున్నాడో గానీ కుర్చీ అంచున కూర్చున్నాడు. చిచ్చా దగ్గరికొచ్చి భుజాలు పట్టి మెల్లగా వెనక్కి జరిపాడు, వీపు కుర్చీకి ఆనేదాకా. కొడుకు వెనక నిలబడి కుర్చీ మీద చేయి వేశాడు. ఆ ఫోటో చిచ్చా షోకేసులో చాలా కాలం ఉంది, ఒక పక్క డాక్టరు గారి కుటుంబం, ఇంకో పక్క ఖాదీ భండార్ సేటు. ఎవరి ఊళ్లో ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చో తెలిసినవాళ్లకు ఆ షోకేసు ముందు ఆగి చూడటానికి చాలా ఉండేది.

చిచ్చాకి ఒక పీరు, అంటే గురువులాంటి మనిషి, ఉన్నాడు, రాజా దీన్ దయాళ్. ఆయన పేరు ఎత్తితే చేయి చెవికి తగిలించుకునేవాడు. 1844లో మీరట్ పక్కన సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో నౌకరీ చేస్తూ కెమెరా పట్టి, చివరికి మన ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయినాయన. నిజాం ఆయనకు రాజా బిరుదు, 'ముసవ్విర్ జంగ్' అనే ఖితాబు ఇచ్చాడు. పాలమూరుకు మహబూబ్‌నగర్ అని 1890లో పెట్టింది ఆ పాషా పేరే. పులిని కొట్టి దాని పక్కన నిలబడ్డ పాషా ఫోటోలు చూసే ఉంటారు. సికింద్రాబాద్‌లో దీన్ దయాళ్ స్టూడియోలో దిగడమంటే దొరలకు, నవాబులకు, ఇంగ్లీషువాళ్లకు పెద్ద ముచ్చట. చిచ్చా చెప్పే కథల్లో నాకు బాగా నచ్చింది జనానా స్టూడియో సంగతి. ఘోషాలో ఉండే ఆడవాళ్లు మగవాడి ముందు ముసుగు తీయరు కదా. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే దీన్ దయాళ్ వేరే స్టూడియో తెరిచి, కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషామెను అక్కడ పెట్టాడు. ఫోటో తీసేది ఆడమనిషి, దిగేది ఆడమనిషి.

మా చిచ్చా దగ్గర జనానా స్టూడియో అంటే చాచి. స్టూడియో వెనకే ఇల్లు. పెండ్లిచూపుల ఫోటో కోసం ఆడపిల్లను తీసుకొస్తే మధ్యాహ్నం పూట మెట్ల తలుపు గడియ పెట్టేవాళ్లు. మమ్మల్నందరినీ కిందికి తరిమేవాళ్లు. చాచి వచ్చి చీర కుచ్చిళ్లు సర్ది, జడ ముందుకు వేసి, పూలు కనిపించేలా తల కొంచెం తిప్పి, అంతా అయ్యాక చిచ్చాను పిలిచేది. ఆయన వచ్చి మూత తీసి పెట్టి వెళ్లిపోవడమే. బురఖా కుటుంబాల ఫోటోలకైతే మూత తీసేది కూడా చాచే. "మూత తీసేదానికి ఏం చదువు కావాలె" అని మా అమ్మతో అనేది గానీ, గాజు మీద చూసి దూరం సరిచేయడం ఆమెకు చిచ్చా కన్నా బాగా వచ్చని చిచ్చానే అనేవాడు.

పెండ్లిచూపుల ఫోటోకు అసలు పని తర్వాత మొదలయ్యేది. కిటికీ దగ్గర ఏటవాలు బల్ల, దాని మధ్యలో చదరపు రంధ్రం, కింద అద్దం. అద్దం మీద పడ్డ వెలుతురు పైకొచ్చి నెగెటివ్‌ను వెలిగిస్తుంది. సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చిచ్చా ఆ నెగెటివ్ మీద గీతలు కూడా కనపడనంత మెత్తగా చుక్కలు పెట్టేవాడు. నెగెటివ్‌లో అంతా ఉల్టా కదా, ముఖం మీద అమ్మవారి మచ్చ అక్కడ తేటగా, ఖాళీగా ఉంటుంది. దాన్ని పెన్సిల్‌తో నింపితే ప్రింటులో మచ్చ ఉండదు. ఇంకొంచెం ఎక్కువ నింపితే చామనఛాయ పిల్ల తెల్లబడుతుంది. "ఎంత తెల్లగ చేయమంటవు?" అని తల్లిని అడిగేవాడు. "గంతే సార్, పిల్లగాడు చూసుడుకు వస్తే అనుమానం రాకుంట" అనేవాళ్లు కొందరు. ఆ కొలత మీద చిచ్చాకి మంచి పట్టు ఉండేది.

ఆడపిల్ల ఫోటో షోకేసులో పెట్టేది లేదు, నెగెటివ్ బయటికి ఇచ్చేది లేదు. ఇది ఆయన కట్టుబాటు. ఒకసారి మాత్రం తప్పాడు. ఒకాయన పొద్దున్నే, ఇంకా దుకాణం ఊడ్వక ముందే వచ్చి కూర్చున్నాడు. ఖాయమైన సంబంధం కట్నం కాడ చెడింది. మగపెళ్లివాళ్లు ఫోటో తిరిగివ్వడం లేదు, ఎవరెవరికో చూపిస్తున్నారట. ఆయన అడిగిందేమంటే, ఇంకో కాపీ ఎవరూ కడిగించుకోకుండా నెగెటివ్ తన చేతికి ఇమ్మని. చిచ్చా బీరువాలో నుంచి కవర్ల కట్ట తీసి, నంబరు వెతికి, నెగెటివ్ ఆయనకిచ్చి, పక్కనే పెద్ద కత్తెర కూడా పెట్టాడు. ఆయన నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కత్తిరించాడు. ముక్కలు నేలమీద పడేయకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. పైసలు ఇవ్వబోతే చిచ్చా తీసుకోలేదు. లెడ్జరులో ఆ నంబరు మీద అడ్డగీత గీసి ఉర్దూలో ఏదో రాసుకున్నాడు. ఆ అమ్మాయికి తర్వాత మంచి సంబంధమే కుదిరింది. పెండ్లి ఫోటోలకు మళ్లీ చిచ్చానే పోయాడు.

డార్క్ రూము గురించి చెప్పాలంటే చాలా ఉంది గానీ నాకు గుర్తున్నది ముఖ్యంగా వాసన. ఫోటోలు కడిగే హైపో మందు వాసన చేతులకు పడితే అన్నం తినేటప్పుడు కూడా పోదు. ఎర్ర బల్బు వెలుతుర్లో, డెవలపర్ తట్టలో తెల్ల కాగితం వేసి అటూ ఇటూ ఊపుతుంటే ముందు కనుబొమ్మలు, ఆ తర్వాత మీసం, చివరికి ముఖం వస్తుంది. బొట్టు కూడా త్వరగానే వచ్చేది. కరెంటు పోతే పని ఎక్కడిదక్కడ ఆగిపోయేది. యాషికాలో వేసే 120 రీలుకు చదరపు ఫోటోలు 12 పడేవి. తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఓర్వో రీళ్లు, ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు తయారుచేసే ఇందు రీళ్లు వాడేవాళ్లం. ఒక్క ఫోటో కోసం రీలు తెంపలేరు కాబట్టి "రీలు అయిపోలేదు, ఎల్లుండి రాండ్రి" అనేది స్టూడియోలో ఎక్కువగా వినపడే మాట. అర్జెంటుగా పరీక్ష ఫీజు కట్టాల్సిన పిల్లలు వస్తే మిగిలిన రెండు మూడింటికీ మమ్మల్నే నిలబెట్టి కొట్టేవాడు చిచ్చా. అట్లా నా చిన్నప్పటి ఫోటోలు మా వీధిలో ఎవరికీ లేనన్ని ఉన్నాయి, అన్నింట్లోనూ చేతిలో చాయ్ కెటిల్‌తోనే.

ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని మా నానమ్మ నమ్మకం. ఎంత చెప్పినా మెట్లెక్కలేదు. ఆమె పోయినప్పుడు ఇంట్లో ఒక్క ఫోటో లేదు. మా వైపు అప్పట్లో పోయిన మనిషిని స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ కొడుకులు కోడళ్లు నిలబడి ఫోటో దిగేవాళ్లు. స్టూడియోవాళ్లు తర్వాత దాని మీద కండ్లు తెరిచినట్టు గీసి ఇచ్చేవాళ్లు. మా పెద్దనాయన అట్లనే తీయించుదామన్నాడు. మా నాయిన వద్దన్నాడు, బతికుండగా వద్దన్నది ఇప్పుడెందుకని. కర్మలైపోయాక ఆయనకే మనసాగలేదు. ఎవరిదో పెండ్లి గ్రూపు ఫోటోలో, వెనక వరసలో, రెండు భుజాల మధ్య నుంచి నానమ్మ తొంగిచూస్తోంది. బహుశా కెమెరా ఉందని తెలియక. ముఖం గోరంత. చిచ్చా ఆ ఫోటోను మళ్లీ ఫోటో తీసి, పెద్దది చేస్తే ముక్కు, పెదవులు మసకగా వచ్చాయి. చాచి పిలిపించుకుని మా అమ్మను, మేనత్తను పక్కన కూర్చోబెట్టుకుంది. కమ్మలు ఎట్లాంటివి, ముక్కుపుల్ల ఏ పక్క, కొప్పు ఎంత కిందికి. వాళ్లు చెబుతుంటే చిచ్చా కుంచెతో దిద్దాడు. చీర మొత్తం ఆయన వేసిందే, ఆమె ఎన్నడూ కట్టని పెద్దంచు పట్టుచీర. చూసి మా మేనత్త ఏడ్చి, కండ్లు తుడుచుకుని "అంచు జర చిన్నగ చేయరాదు చిచ్చా, అమ్మ తిడ్తది" అన్నది. చేశాడు. ఆ అంచు చెరిపిన మరక ఇప్పటికీ పటంలో కనిపిస్తుంది.

మా మేనత్తను ఇచ్చింది పాలమూరు వైపు, అచ్చంపేట దాటి. అక్కడి ముచ్చట వేరు. వాన రాకపోతే మేస్త్రీ వెంట గుంపులు గుంపులుగా బొంబాయికి, ఎక్కడెక్కడి డ్యాముల పనులకో పోయేవాళ్లు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు కదా. పోయే ముందు ఆలుమగలు టౌనుకు వచ్చి ఒక ఫోటో దిగి, రెండు కాపీలు తీసుకునేవాళ్లని అత్త చెప్పేది. ఒకటి పోయేవాడి ట్రంకు పెట్టె మూత లోపలి వైపు అన్నం మెతుకులతో అంటించి, ఒకటి ఇంట్లో దేవుని గూట్లో. ఆరు నెలలకో ఏడాదికో బొంబాయి నుంచి కవరు వచ్చేది, అందులో అట్టతో చేసిన విమానం కిటికీలో నుంచి చేయి ఊపుతున్న ఫోటో. అక్కడి స్టూడియోల్లో అది ఫ్యాషను. వాన కోసం ఎదురుచూసే ఇంట్లో ఆ విమానం ఫోటో మీద చాలా చర్చ జరిగేదట. "నిజంగ ఎక్కిండా?" అని అత్తవాళ్ల ముసలి మామ పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. ఎవరూ లేదనలేదు.

జాతరల్లో కూడా చిన్న చిన్న గుడారాల్లో ఫోటోలవాళ్లు దిగేవాళ్లు. చెర్వుగట్టు జాతరలో అట్ట మోటారుసైకిలు మీద కూర్చుని దిగిన ఫోటో మా ఇంట్లో ఒకటుంది. దాని గురించి ఎక్కువ చెప్పను, అందులో నా నిక్కరు చూస్తే మా మనుమళ్లు ఇప్పటికీ వదలరు.

రంగుల ఫోటోలు వచ్చాక చిచ్చా పని చప్పబడింది. రంగుల రీలు ఇక్కడ కడగలేరు, హైదరాబాద్ ల్యాబుకి పంపాలి. పెన్సిల్‌కి పని లేదు, పరదాకి పని లేదు. రంగుల్లో ఆ మంచుకొండలు నిజంగానే బట్ట మీద పెయింటులా కనిపించేవి, నలుపు తెలుపులో అంత అన్యాయంగా ఉండేవి కాదు. 1993లో ప్రధాన ఎన్నికల కమిషనర్ శేషన్ గారు ఓటరు కార్డుల మీద ఫోటో ఉండాలన్నాక, ఊరి బడి గోడ ముందు వరసలో నిలబెట్టి ఒకరి తర్వాత ఒకరిని కొట్టుకుంటూ పోయారు. మా అమ్మ ఫోటో చూసి "దొంగను పట్టుకున్నట్టున్నది" అన్నది. నిజమే, అది మనిషిని గుర్తుపట్టడానికి తీసిన ఫోటో. చిచ్చా ఫోటో అట్లా ఉండేది కాదు, ఆ మనిషి తనను తాను ఎట్లా గుర్తుంచుకోమంటున్నాడో అడిగి తీసేవాడు.

చిచ్చా పోయాక కొడుకులు దుబాయిలో స్థిరపడ్డారు. దుకాణం జిరాక్స్ సెంటరుకు ఇచ్చారు. నెగెటివ్‌ల సంగతి అడిగితే కండ్లలో నీళ్లు తిరుగుతాయి. ఫిల్ములో వెండి ఉంటుంది. వాడేసిన హైపో నీళ్లలోనూ ఉంటుంది. ఆ వెండి తీసేవాళ్లు ఊరూరు తిరిగి పాత నెగెటివ్‌లను కిలోల లెక్కన కొంటారు. బీరువాలో నంబర్ల కవర్లన్నీ ఒక ట్రాలీ ఆటోలో పోయాయట. దీన్ దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి, మంచిదే, నిజాములు, వైస్రాయిలు భద్రంగా ఉన్నారు. మా సుంకరి పెద్దయ్య, పెండ్లిచూపుల పిల్లలు, పదో తరగతి గ్రూపు ఫోటోలు కరిగి ఏ పట్టీలుగా, ఏ గ్లాసులుగా మారాయో.

ప్రింట్లు మాత్రం ఇండ్లల్లో ఉన్నాయి. మొన్న సంక్రాంతికి మా చిన్నాయన వాళ్లింట్లో గోడకు సున్నం వేయిస్తూ పటాలు దించారు. 1966లో చిన్నాయన, చిన్నమ్మ పెండ్లయిన కొత్తలో చిచ్చా దగ్గర దిగిన ఫోటో. చిన్నాయన నల్ల కోటులో దర్జాగా కూర్చున్నాడు, చిన్నమ్మ పక్కన నిలబడింది. ఆ కోటు తన పుట్టింటివాళ్లు హైదరాబాద్ ఆబిడ్స్‌లో కుట్టించి పెట్టారని చిన్నమ్మ చెప్పడం నేను పుట్టి బుద్ధెరిగిన కాడ్నుంచి వింటున్నాను. దుమ్ము తుడిచి, ఫోనులో ఫోటో తీసి, వేళ్లతో పెద్దది చేసి చూశాను. పై గుండీ నలుపు, చదును. కింది గుండీ నలుపు, చదును. నడిమిది ఉబ్బెత్తుగా, మెరుస్తూ.

మా తమ్ముడికి చూపిస్తుంటే చిన్నమ్మ కండ్లద్దాలు పెట్టుకుని దగ్గరికొచ్చింది. చిచ్చా కోటు గుండీ సంగతి చెప్పాను. ఫోటో నా చేతిలో నుంచి లాక్కుని, కొంగుతో అద్దం ఇంకోసారి తుడిచి, "ఆబిడ్స్‌ల కోటుకు గట్లాంటి గుండీనే పెడతరు. నీకేం ఎరుక, నువ్వప్పుడు ఇంకా అంగన్నా తొడుక్కోలె" అని దాన్ని తీసుకెళ్లి తన మంచం మీద పెట్టుకుంది.